కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ టీకా ఎప్పుడు?

కామెర్లు అనగానే మనవాళ్ళు ముందు అడిగేది పసరు మందు ఎక్కడ పోస్తారని. ఆ రోజు నుంచే పత్యం, నూనె బంద్. చాలామందికి తగ్గిపోతుంది కూడా. నీళ్ళవల్ల వచ్చే కామెర్లు ఎక్కువగా వాటంతటవే తగ్గుతాయి మరి! పేరు మాత్రం పసరుకి దక్కుతుంది. కానీ నిండు గర్భిణికి వస్తే ఆ ధైర్యం పనికిరాదు.

నేను చెప్పేది హెపటైటిస్ ‘ఇ’ గురించి. మురుగు కలిసిన నీళ్ళతో వస్తుంది. మామూలు మనుషుల్లో ప్రాణం మీదికి రావడం అరుదు. ఏడో నెల దాటినవాళ్ళలో మాత్రం నూటికి 20, 25 మంది దాకా చనిపోవచ్చు. 2005లో మన హైదరాబాద్‌లోనూ ఇది వ్యాపించింది.

దీనికి టీకా లేదా అంటే, ఉంది. చైనావాళ్ళ ‘హెకోలిన్’కి అక్కడ 2011లోనే అనుమతి వచ్చింది. అందులో వైరస్ ఉండదు. దాని పైపొర ప్రోటీన్ ముక్కని బాక్టీరియాలో తయారుచేస్తారు, అంతే. లక్షమందికి పైగా మీద పరీక్షించారు. గర్భిణుల్ని మాత్రం చేర్చుకోలేదు. జబ్బు ఎవరిని చంపుతుందో వాళ్ళనే గుమ్మం బయట నిలబెట్టారన్నమాట! 2022లో దక్షిణ సూడాన్‌లోని బెంటియు శిబిరంలో జబ్బు చెలరేగాక గానీ గర్భిణులకీ ఇవ్వలేదు. మరోవైపు బంగ్లాదేశ్ పరీక్షల్లో, గర్భానికి కాస్త ముందో, గర్భంతో ఉన్నప్పుడో ఈ టీకా పడినవాళ్ళలో గర్భస్రావాలు ఎక్కువేమోనన్న అనుమానం వచ్చింది. అనుమానం వచ్చింది కదా అని మూలన పడేస్తే ఎలాగండీ? తేల్చాలి. ఆర్నెల్లలో మూడు డోసులు కాబట్టి పెళ్ళికి ముందే వేస్తే సరిపోతుందా అన్నదీ చూడాలి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో దీని ఊసే లేదు.

మనకి చేతకాక కాదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ ‘బి’ టీకా తెచ్చాక, వందలు పోసి కొనాల్సిన దిగుమతి మందు ధర దిగొచ్చింది. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లోపే పిల్లలకి ఆ టీకా వేస్తున్నారు. పిల్లల విషయంలో కుదిరిన శ్రద్ధ తల్లుల దగ్గరికొచ్చేసరికి ఎందుకు సన్నగిల్లిందో నాకర్థం కాదు.

అంతదాకా ఇంట్లో గర్భిణి ఉంటే నీళ్ళు మరగకాచి ఇవ్వండి. కళ్ళు పచ్చబడితే పసరు కోసం బస్సెక్కించకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.