కీమో ఫలితాన్ని రక్తం ముందే చెప్పగలదా?

క్యాన్సర్ వైద్యంలో తూర్పు భారతానికి, ఈశాన్య రాష్ట్రాలకు కోల్‌కతాయే పెద్ద దిక్కు. 1950లో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించిన చిత్తరంజన్ క్యాన్సర్ ఆస్పత్రి తర్వాత జాతీయ సంస్థగా ఎదిగింది. 2011లో టాటా మెడికల్ సెంటర్ వచ్చింది. 2022 జనవరిలో చిత్తరంజన్ సంస్థకు న్యూటౌన్‌లో 460 పడకల రెండో ప్రాంగణం తోడైంది. పడకలైతే పెరిగాయి. కానీ రొమ్ములో పెద్ద కణితితో వచ్చే మహిళ అడిగే ప్రశ్నకు ఇంకా కచ్చితమైన జవాబు లేదు. ‘ఈ మందు నాకు పనిచేస్తుందా?’

గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 1,92,020 మంది రొమ్ము క్యాన్సర్ బారిన పడ్డారు. 98,337 మంది చనిపోయారు. మన దగ్గర చాలామంది వ్యాధి ముదిరాకే ఆస్పత్రికి వస్తారు. అలాంటివారికి ముందు కీమోథెరపీ ఇచ్చి, కణితి తగ్గాక శస్త్రచికిత్స చేస్తారు. ఇందుకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కొందరిలో కణితి ఆనవాలు లేకుండా కరిగిపోతుంది, కొందరిలో కదలదు. అలా కదలనివారికి పోయేది డబ్బు, జుట్టు మాత్రమే కాదు, విలువైన సమయం కూడా.

ఈ తేడాను ముందే పసిగట్టేందుకు పరిశోధకులు రక్తం వైపు చూస్తున్నారు. అన్నిటికన్నా చవకైన దారి మామూలు సీబీసీ పరీక్ష. అందులో న్యూట్రోఫిల్స్ సంఖ్యను లింఫోసైట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే నిష్పత్తి తక్కువగా ఉన్నవారిలో కీమో బాగా పనిచేస్తున్నట్లు పలు అధ్యయనాలు చెప్పాయి. చిక్కేమిటంటే, ఎంతకు తక్కువైతే ‘తక్కువ’ అనాలో ఒక్కో అధ్యయనం ఒక్కోచోట గీత గీసింది. పైగా చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా, స్టెరాయిడ్ వాడినా ఈ అంకె మారిపోతుంది.

రెండో దారి, కణితి నుంచి రాలి రక్తంలో తిరిగే డీఎన్‌ఏ తునకలను వెతకడం. అమెరికాలో ఐ-స్పై 2 ప్రయోగంలో భాగంగా 84 మంది రక్తాన్ని పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. చికిత్సకు ముందు 73 శాతం మందిలో ఈ డీఎన్‌ఏ కనిపించింది. మూడు వారాల తర్వాత అది 35 శాతానికి తగ్గింది. అప్పటికీ పోనివారిలో 83 శాతం మందికి చివర్లో క్యాన్సర్ మిగిలింది. పోయినవారిలోనూ 52 శాతం మందికి మిగిలింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. డీఎన్‌ఏ ఇంకా కనిపిస్తోందని మందు ఆపేస్తే, అలాంటి ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరికి, కణితి పూర్తిగా కరిగే అవకాశమున్నా, అన్యాయం చేసినట్లే. డీఎన్‌ఏ పోయిందని నిశ్చింతగా ఉందామన్నా, ఫలితం బొమ్మా బొరుసే. మొదట్లోనే డీఎన్‌ఏ కనిపించని నాలుగో వంతుకు పైగా మహిళలకు ఈ మార్పును గమనించే వీలే లేదు. పైగా ఇది మందు మొదలయ్యాక తెలిసే సంగతి, మొదలుకాక ముందు కాదు.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. పనిచేయదని తెలిస్తే ఇవ్వడానికి వేరే మందు ఉందా? జర్మనీలో జరిగిన గెపార్‌ట్రియో ప్రయోగంలో, రెండు విడతలకు స్పందించనివారిలో కొందరికి మందులు మార్చారు. కణితి పూర్తిగా కరిగినవారు మార్చిన బృందంలో 6 శాతం, మార్చని బృందంలో 5.3 శాతం. దీర్ఘకాలంలో మార్పు వల్ల కొంత మేలు కనిపించినా, తక్షణ ఫలితంలో తేడా దాదాపు లేదు. ఇమ్యునోథెరపీ వంటి కొత్త మందులున్నా వాటి ధర సామాన్య కుటుంబాలకు అందేది కాదు.

అలాగని ఈ పరిశోధన వృథా అనలేం. మన దేశంలో ట్రిపుల్ నెగెటివ్ రకం వాటా పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువ. రోగుల వయసూ తక్కువే. అక్కడి అంకెలను ఇక్కడ యథాతథంగా వాడలేం. వేల మందికి వైద్యం చేసే కోల్‌కతా ఆస్పత్రులు, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖలోని హోమీ భాభా వంటి సంస్థలు కలిసి, ఒకే పద్ధతిలో, ఒకే గడువుల్లో నమూనాలు సేకరిస్తే మనకు పనికొచ్చే గీత ఎక్కడో తేలుతుంది. అప్పుడు చవకైన సీబీసీయే ఖరీదైన పరీక్షకు సాటి వస్తుందో లేదో కూడా తెలుస్తుంది.

అందాకా, ఖరీదైన రక్త పరీక్ష రాసినప్పుడు కుటుంబం వైద్యుణ్ని ఒక్క మాట అడగడం మంచిది. ‘ఫలితాన్ని బట్టి చికిత్స మారుతుందా?’ మారదంటే, ఆ డబ్బు తర్వాతి విడత మందుకు ఉంచుకోవడమే మేలు.