పని కనపడని బయోడేటా

నిజామాబాద్ బస్టాండు చుట్టుపక్కల గానీ, బోధన్ బజారులో గానీ ఏ జిరాక్స్ సెంటర్‌కైనా వెళ్లి "అన్నా, బయోడేటా కావాలె" అని అడిగి చూడండి. కంప్యూటర్ ముందున్న పిల్లవాడు కొత్త పేజీ తెరవడు. నిన్నటి ఫైలు తెరుస్తాడు. పెళ్లిపత్రికలో పేర్లు మార్చినట్టు పేరు, తండ్రిపేరు, ఊరు, పుట్టినతేదీ మారుస్తాడు. పైన సవాళ్లున్న సంస్థలో చేరి ఎదగడమే నా లక్ష్యం అని చెప్పే ఇంగ్లిషు వాక్యం అలాగే ఉంటుంది. కింద హాబీలు: క్రికెట్, పాటలు వినడం. అట్టడుగున, పై వివరాలన్నీ నిజమేనని ఒక ప్రమాణం. టీ తాగి వచ్చేలోపు కాగితం చేతికొస్తుంది.

జాబ్ మేళాల్లో టేబుళ్ల మీద పేరుకునే కట్టల్లో ఇలాంటివే ఎక్కువ. తిరగేస్తుంటే నాకు విసుగు రాదు, బాధేస్తుంది. ఆ మనిషి ఎవరి కొడుకో తెలుస్తుంది, మతం తెలుస్తుంది, పెళ్లయిందో లేదో తెలుస్తుంది, చివరికి ఆధార్ నంబరు కూడా ఉంటుంది. ఏం పని వచ్చో మాత్రం తెలియదు. ఈ అచ్చు సర్కారు దరఖాస్తు ఫారాల నుంచి దిగి ఉంటుందని నా అనుమానం. అక్కడ మనిషి ఎవరన్నదే ముఖ్యం, మిగతాది పరీక్ష చూసుకుంటుంది. కంపెనీవాడికి పరీక్ష పెట్టే తీరిక లేదు. ఆ ఒక్క కాగితమే పరీక్ష.

ఈ లోటు ఎంత ఖరీదైనదో చెప్పడానికి బోధన్‌లోని శక్కర్‌నగర్‌ను మించిన ఉదాహరణ మన జిల్లాలో లేదు. మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువల కింద చెరకు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న మిల్లు. దాని చుట్టూ క్వార్టర్లు, బడి, ఆసుపత్రితో ఊరే లేచింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లి నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ దగ్గర మంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. 2024లో ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. ఆ రాజకీయం ఈ వారం నా విషయం కాదు.

నా విషయం, మిల్లు ఆగిన రోజున అందులోని మనుషుల చేతుల్లో ఉన్న విద్య ఏ కాగితం మీదా లేకపోవడం. పాన్ మీద పనిచేసిన మనిషిని తీసుకోండి. చెరకు రసాన్ని శుభ్రం చేసి చిక్కబరిచాక వచ్చే పాకాన్ని ఆయన వాక్యూమ్ పాన్‌లో వండుతాడు. లోపల గాలి లాగేసి ఉంటుంది గనుక నీళ్లు మరిగే వేడికన్నా చాలా తక్కువకే పాకం ఉడుకుతుంది, మాడదు. ఎప్పుడు గింజ పట్టించాలి, ఎప్పుడు కొత్త పాకం వదలాలి, ఎప్పుడు ఆవిరి తగ్గించాలి అన్నది ఆయన కంటికీ వేలికీ తెలుసు. కాస్త నమూనా తీసి గాజుపలక మీద రాసి దీపానికి ఎదురుగా పెట్టి చూస్తాడు. గింజ సమంగా లేకపోతే కింద సెంట్రిఫ్యూగల్‌లో మొలాసిస్ సరిగా విడిపోదు, చక్కెర మొలాసిస్‌తో పాటు పోతుంది. ఆ షిఫ్టు లాభనష్టాలు ఆయన చేతిలో ఉంటాయి.

అలాంటి మనిషి బయోడేటాలో అనుభవం అన్నచోట ఏముంటుంది? "ఎన్.ఎస్.ఎఫ్, బోధన్‌లో పనిచేసితిని." అంతే. ఇంకా ఏం రాయమంటారని అడిగితే, "గా పని సంగతి ఎవలకు ఎర్కైతది సార్, షుగర్ ఫ్యాక్టరీలనే నడుస్తది అది" అంటారు. నిజం కాదు. వాక్యూమ్ కింద ద్రవాన్ని చిక్కబరచడం మందుల కంపెనీల్లో ఉంది, పాలపొడి ప్లాంట్లలో ఉంది. సెంట్రిఫ్యూజ్ అక్కడా ఉంది. బయటివాళ్లకు పాన్ మ్యాన్ అన్న హోదా అర్థం కాకపోవచ్చు. వాక్యూమ్‌లో ఉడికించి స్ఫటికం కట్టించే యంత్రాన్ని ఇన్ని సీజన్లు నడిపాను అంటే హైదరాబాద్ చుట్టూ ఉన్న ఏ ప్లాంట్ మేనేజరైనా తలెత్తి చూస్తాడు.

బాయిలర్ మనిషి సంగతి ఇంకా తేలిక. ఆయన దగ్గర బాయిలర్ల శాఖ ఇచ్చిన అటెండెంట్ సర్టిఫికెట్ ఉంటుంది, ఫస్ట్ క్లాసో సెకండ్ క్లాసో. అది కాగితం అట్టడుగున హాబీల పక్కన కాదు, పేరు కిందే ఉండాలి. దాని తర్వాత ఎంత ప్రెషర్ బాయిలర్, గంటకు ఎన్ని టన్నుల ఆవిరి, ఏ ఇంధనం అన్న మూడు ముక్కలు. మన జిల్లాలో బాయిల్డ్ రైస్ మిల్లులు ఎన్ని లేవు? చెరకు పిప్పి మండించి పెద్ద మిల్లును నడిపించినవాడు ఊక మండించే బాయిలర్ నడపలేడా? నడుపుతాడని మిల్లు యజమానికి తెలియాలంటే పిప్పి అన్న మాట కాగితం మీద ఉండాలి కదా.

ఫిట్టర్లయితే అన్‌సీజన్‌ను మరిచిపోతారు. క్రషింగ్ చలికాలంలో మొదలై ఎండలు ముదిరేసరికి ముగుస్తుంది. ఆ తర్వాత మిల్లు రోలర్లు విప్పడం, బేరింగులు మార్చడం, పంపులు బాగుచేయడం, మళ్లీ బిగించి నడిపి చూడటం. దాన్ని ఖాళీ కాలం అనుకుంటారు మనవాళ్లు. ఏ సిమెంటు ఫ్యాక్టరీవాడైనా మొదట అడిగేది ఆ ఓవరాలింగ్ గురించే. సీజనల్‌గా పనిచేసినవారు మాత్రం నిజాయితీగా సీజన్ల లెక్కే రాయాలి. పన్నెండు సీజన్లను పన్నెండేళ్లుగా రాస్తే, పీఎఫ్ పాస్‌బుక్ తెరిచిన రోజున దొరికిపోతారు.

పీఎఫ్ పాస్‌బుక్ అన్నాను గనుక అనుభవానికి సాక్ష్యం సంగతి కూడా. సర్వీస్ సర్టిఫికెట్ అడిగే హక్కు పర్మనెంట్ కార్మికుడికి స్టాండింగ్ ఆర్డర్లలోనే ఉంది. కానీ అందులో సాధారణంగా పేరు, హోదా, తేదీలే ఉంటాయి, యంత్రం పేరు ఉండదు. ఏ యంత్రం మీద ఎన్నాళ్లు చేశాడో కూడా రాసివ్వాలని చట్టం గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. ఆ సర్టిఫికెట్ కూడా లేనివారికి పీఎఫ్ రికార్డే సాక్ష్యం. దాంట్లో కంపెనీ పేరు ఒకలా, మనం రాసే పేరు మరోలా ఉంటే అవతలివాడికి అనుమానం వస్తుంది. అందుకే నిజాం దక్కన్ షుగర్స్ అని రాసి, పూర్వపు నిజాం షుగర్స్ అని పక్కన చేర్చాలి. మానేసిన కారణం దగ్గర సిగ్గుపడి ఖాళీ వదిలేవారు చాలామంది. "2015 డిసెంబరులో యాజమాన్యం లేఆఫ్" అని ఒక్క వరుస చాలు. మిల్లు మూతపడటం మీ తప్పు కాదు. ఖాళీ వదిలితే మీ తప్పేమో అనిపిస్తుంది.

ఆ మిల్లు కార్మికుల్లో ఎక్కువమంది ఇప్పుడు కొత్త కొలువు వెతికే వయసు దాటారు, తెలుసు. అయినా ఇంత చెప్పడానికి కారణం వాళ్ల పిల్లలు. కాగితం మీద పనిని దాచే అలవాటు వారసత్వంగా వచ్చింది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తమ్ముళ్లను చూడండి. ఎనిమిదేళ్లు దుబాయిలో ఉండి వచ్చి "దుబాయ్, లేబర్" అని రాస్తారు. వివరాలు అడిగితే పరంజా కట్టే పనిలో గ్యాంగుకు పెద్దగా ఉన్నాడని, సేఫ్టీ శిక్షణ కార్డు ఉందని, ఇంటర్వ్యూకు కావలసినంత హిందీ, కాస్త అరబ్బీ మాట్లాడతాడని తేలుతుంది. హైదరాబాద్ నిర్మాణ కంపెనీలకు కావలసింది సరిగ్గా ఆ మనిషే.

వెళ్లేటప్పుడు కథ తిరగబడుతుంది. అప్పుడు ఊళ్లోని ఏజెంటే సీవీ రాస్తాడు, తాపీ పట్టనివాడిని ఐదేళ్ల మేస్త్రీని చేస్తాడు. ట్రేడ్ టెస్టులో గోడ వంకర పోతుంది, లేదా అక్కడికి చేరాక తక్కువ జీతానికి వేరే పనిలో పెడతారు. రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. విదేశీ కొలువులకు పంపడానికి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ చెక్ పడదు గనుక గల్ఫ్ సీవీలో చదువు దగ్గర ఆ వరుస తప్పకుండా ఉండాలి. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే, అక్షరం తేడా లేకుండా.

ఇక డిగ్రీ పిల్లలు. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ వచ్చి దాదాపు రెండు దశాబ్దాలు, నిజామాబాద్‌లో ఐటీ హబ్ 2023లో తెరిచారు. అక్కడికి వెళ్లే రెజ్యూమేల్లో ప్రాజెక్టు పేరాలు ఒకదానికొకటి కవలలు. పెద్ద కంపెనీలు ఈ కాగితాలను ముందు సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తాయి. ఫొటోలు, రంగుల డబ్బాలు, గడుల పట్టికలు దానికి అడ్డమే. పిల్లలకు ఈ సంగతి తెలుసు. తెలియనిది, ఇంట్లో చేసిన పని కూడా పనేనన్నది. ఆర్మూరు పక్క ఊళ్ల నుంచి వచ్చిన ఎం.కామ్ అమ్మాయి తండ్రితో పాటు పసుపు ఉడకబెట్టింది, ఆరబెట్టింది, కొమ్ము, మండ వేరుచేసింది, మార్కెట్ యార్డులో ధర పలికేటప్పుడు నిలబడింది. జాతీయ పసుపు బోర్డు కార్యాలయం 2025లో మన ఊళ్లోనే తెరుచుకుంది. సుగంధ ద్రవ్యాలు కొనే కంపెనీకో, గోదాముల సంస్థకో అప్లికేషన్ పెడుతూ ఆ అమ్మాయి హాబీల్లో పాటలు వినడం అని రాస్తుంది, పసుపు ఊసెత్తదు.

బీడీలు చుట్టి ఫీజు కట్టుకున్న పిల్లల విషయంలో నాకూ తేల్చి చెప్పే ధైర్యం లేదు. అమ్మ కార్డు మీద చుట్టిన బీడీలకు ఆ పిల్ల పేరున రికార్డే ఉండదు. పల్లె మహిళా సంఘాలతో పనిచేసే ఉద్యోగమైతే రాయమంటాను. ఆ ఇళ్ల లెక్క ఆమెకు తెలిసినంతగా పైనుంచి వచ్చినవారికి తెలియదు. బ్యాంకు కొలువుకైతే ఏమో, ఆమె ఇష్టం.

"ఇవన్నీ ఎందుకు సార్, పైరవీ ఉంటే చాలు" అనేవారు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. నేనూ కాదనను. కొలువులే లేనిచోట ఎంత చక్కని రెజ్యూమే అయినా మూసిన మిల్లు గేటు తెరవదు. మన జిల్లాలో ప్రైవేటు ఉద్యోగాలు ఎక్కువగా మాటసాయంతోనే దొరుకుతాయి, బావమరిది దోస్తో, క్లాస్‌మేటో సిఫారసు చేస్తే. కానీ ఆ సాయం చేసే పెద్దమనిషి కూడా ఇప్పుడు వాట్సాప్‌లో కాగితం పంపమంటాడు. పాశమైలారం పారిశ్రామికవాడలోని తన దోస్తుకు అదే ఫార్వర్డ్ చేస్తాడు. పేరు కింద మొదటి నాలుగు వరుసల్లో పని, యంత్రం, ఏళ్లు, లైసెన్సు ఉంటే ఆ దోస్తు సాయంత్రానికి ఫోన్ చేస్తాడు. తండ్రిపేరుతో మొదలై ప్రమాణంతో ముగిస్తే "మీవాడు ఏం పని చేస్తడన్నా?" అని తిరిగి మెసేజ్ పెడతాడు. మనవాళ్లు దానికి పంపే జవాబు "ఏదైనా చేస్తడన్నా".