సైకిలు చవకైంది, అమరిక మాటేమిటి?

2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్లపైన, వాటి విడిభాగాలపైన జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. హోసూరు చుట్టుపట్ల బాగలూరు, బేరికె, తళి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది చిన్న వార్త కాదు. తండ్రి సిప్‌కాట్‌లో షిఫ్టుకు చేరుకోవాలన్నా, బిడ్డ పక్క ఊరి బడికి పోవాలన్నా, బస్సు తప్పిన నాడు సైకిలే దిక్కు. అయితే కొన్న సైకిలును కొన్నట్టే తొక్కడంలో మనం ఎంత శ్రమ వృథా చేస్తున్నామో ఎవరూ లెక్కించడం లేదు.

తమిళనాడు ప్రభుత్వం 11వ తరగతి విద్యార్థులకు ఉచితంగా సైకిళ్లు ఇస్తున్నది. సరిహద్దుకు ఆవల కర్ణాటకలో 2006-07లో 8వ తరగతి పిల్లలకు మొదలైన పంపిణీ కోవిడ్ కాలంలో నిలిచిపోయింది. ఈవల కొత్త సైకిలు, ఆవల అన్న తొక్కి విడిచిన పాత సైకిలు. రెంటిలోనూ లోపం ఒక్కటే. ఎక్కేవారి ఎత్తును బట్టి, నడిచే దారిని బట్టి వాటిని అమర్చే నాథుడు లేడు.

మొదట సీటు సంగతి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు దాదాపు నిటారుగా సాగాలి. సీటు అంతకంటె దిగువన ఉంటే భారమంతా మోకాళ్లపై పడుతుంది. పడిపోతామన్న భయంతో పిల్లల సీటును అట్టడుగుకు దించి, ఆపై కాళ్ల నొప్పులని మందు రాసే తల్లిదండ్రులు మనలో ఎందరో! సరిచేయడానికి ఒక్క స్పానరు చాలు.

అసలు లాభం వెనుక చక్రపు ఫ్రీవీలులో ఉంది. మామూలు 28 అంగుళాల సైకిలులో ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు బండి సుమారు ఐదున్నర మీటర్లు సాగుతుంది. చదునైన దారిలో ఇది బాగున్నది. మన ఎత్తుపల్లాలలో, వెనుక బియ్యం మూటతో, ఇదే గుండె దడ పుట్టిస్తుంది. 22 పళ్ల ఫ్రీవీలు వేయిస్తే చుట్టుకు నాలుగున్నర మీటర్లే సాగినా, తొక్కే బలం దాదాపు అయిదవ వంతు తగ్గుతుంది. చైనుకు ఒక లింకు కలపవలసి రావచ్చు. అంతే ఖర్చు. గేర్ల సైకిలు కొనలేని ఇంటికి ఇదే గేరు.

బ్రేకుల విషయంలో మాత్రం తొందరపాటు తగదు. రాడ్డు బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి అంచును నొక్కుతుంది. తీగ బ్రేకు ప్రక్కలను పట్టుతుంది. కావున రిమ్ము మార్చకుండా బ్రేకు మాత్రమే మార్చడం ప్రమాదకరం. తడిసిన ఉక్కు రిమ్ముపై ఏ బ్రేకైనా జారుతుంది. అరిగిన రబ్బర్లు మార్చి, వానలో ముందుగానే నొక్కడం అలవరచుకోవాలి. లారీలు తిరిగే దారిలో వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, ముందు ఎల్ఈడీ దీపం లేకుండా రాత్రి షిఫ్టుకు బయలుదేరడం సాహసం కాదు, అవివేకం.

చవక సైకిలుకున్న గొప్ప బలం, ఒక కంపెనీ సామాను మరొక దానికి పట్టడం. అట్లాస్ సంస్థ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినం నాడే, మూతపడింది. అయినా పాత అట్లాస్ బండ్లు మూలపడలేదు. అదే యేడు లాక్‌డౌనులో వందల కిలోమీటర్లు తొక్కి ఇల్లు చేరిన వలస కూలీలలో ఎందరివో ఇటువంటి మామూలు సైకిళ్లే.

ఇదంతా చేయగలవాడు వీధి చివరి సైకిలు షాపు మెకానిక్. పంచరు పనితో ఇల్లు గడవక అతడు మోటారు బండ్ల వైపు మళ్లుతున్నాడు. కొడుకు ఆ పనికి రావడం లేదు. సైకిళ్లు పంచే ప్రభుత్వాలు పంపిణీ రోజున ఇద్దరు మెకానిక్‌లను కూలి ఇచ్చి బడికి పిలిపించి, ప్రతి బిడ్డను సైకిలు ఎక్కించి సీటు, బ్రేకు, నట్లు సరిచూపించడానికి పెద్ద మొత్తమేమీ అవసరం లేదు. పంపిణీ ఫోటోలో వరుసగా నిలబెట్టిన సైకిళ్ల సీట్లన్నీ ఒకే ఎత్తున ఉంటాయి. వాటి ప్రక్కన నిలుచున్న పిల్లలు మాత్రం ఒకే ఎత్తున ఉండరు.