ఆర్గ్యుమెంట్లు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి

పోయిన నెల ఒక ఫోన్ బ్యాటరీ టెస్ట్ కోసం పైథాన్‌లో స్క్రిప్ట్ రాశాను. ఏడీబీ ద్వారా ఫోన్‌లో వీడియో ప్లే చేస్తూ, నిమిషానికోసారి బ్యాటరీ శాతం నోట్ చేసుకోవడం దాని పని. 5జీ మీద ఎంతసేపు వస్తుందో చూద్దామని కమాండ్ లైన్‌లో వైఫైకి 'ఫాల్స్' అని ఇచ్చి పడుకున్నా. పొద్దున చూస్తే రిజల్ట్ అదిరిపోయింది. రివ్యూ డ్రాఫ్ట్‌లో రాసేశా కూడా. పంపేముందు లాగ్ చూస్తే తెలిసింది, రాత్రంతా ఫోన్ వైఫై మీదే ఉంది! ఆ అంకె నమ్మి ఎవరైనా ఫోన్ కొనుంటే?

తప్పు ఫోన్‌ది కాదు, నాదే. ఆర్గ్‌పార్స్‌లో ఆ ఆప్షన్‌కి టైప్ 'బూల్' అని పెట్టాను. కమాండ్ లైన్ నుంచి వచ్చేదేదైనా మొదట స్ట్రింగే. ఖాళీ కాని ఏ స్ట్రింగ్‌నైనా 'బూల్'కి ఇస్తే 'ట్రూ' అనే వస్తుంది, అందులో 'ఫాల్స్' అని రాసి ఉన్నా సరే. పైథాన్ 3.9లో వచ్చిన బూలియన్ ఆప్షనల్ యాక్షన్ వాడితే 'వైఫై', 'నో-వైఫై' అని రెండు ఫ్లాగులు వస్తాయి, ఈ గొడవే ఉండదు.

కానీ అసలు సమస్య ఆ ఒక్క లైన్ కాదు. పార్సర్ ఇచ్చిన 'ఆర్గ్స్'ని అలాగే ఐదు క్లాసులకీ పంపేశాను. ఫైనల్‌గా ఏ సెట్టింగ్‌తో రన్ అవుతోందో ఒక్కచోట చూసే వీలే లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది: 'ఆర్గ్స్' మెయిన్ ఫంక్షన్ దాటి లోపలికి రాకూడదు. అక్కడే వాటిని చెక్ చేసి, ఒక ఫ్రోజెన్ డేటాక్లాస్‌గా మార్చి, ప్రతి క్లాస్‌కీ కన్‌స్ట్రక్టర్‌లో ఇవ్వాలి. డేటాక్లాస్‌ని ప్రింట్ చేస్తే ఫీల్డులన్నీ వాటంతటవే కనిపిస్తాయి. ఆ రాత్రి మొదటి లైన్‌లోనే 'వైఫై ట్రూ' అని చూసుంటే నాకు ఎనిమిది గంటలు మిగిలేవి.

టెస్టింగ్‌కీ ఇదే సుఖం. క్లాస్ లోపలే ఆర్గ్యుమెంట్లు పార్స్ చేస్తే, పైటెస్ట్ రన్ చేసినప్పుడు అది పైటెస్ట్‌కి ఇచ్చిన ఆర్గ్యుమెంట్లను చదివి ఎర్రర్ కొడుతుంది. కాన్ఫిగ్ ఆబ్జెక్ట్ అయితే టెస్ట్‌లో ఒక్క లైన్‌లో తయారుచేసి ఇచ్చేయొచ్చు.

ఒక జాగ్రత్త. డిఫాల్ట్ విలువలు డేటాక్లాస్‌లోనే ఉంచండి, ఆర్గ్‌పార్స్‌లో మళ్లీ పెట్టొద్దు. పెడితే మీరు టైప్ చేసిందేదో, డిఫాల్ట్‌గా వచ్చిందేదో తేడా తెలీదు. కాన్ఫిగ్ ఫైల్‌లో రాసుకున్న విలువని డిఫాల్ట్ వచ్చి తుడిచేస్తుంది. ఆర్గ్‌పార్స్‌లో డిఫాల్ట్‌కి 'సప్రెస్' ఇస్తే, టైప్ చేసినవి మాత్రమే వస్తాయి. ముందు డిఫాల్ట్, దానిపైన ఫైల్, అన్నిటికన్నా పైన కమాండ్ లైన్. ఆర్డర్ అంతే.

"ముప్పై లైన్ల స్క్రిప్ట్‌కి ఇంత హడావిడి ఎందుకు బ్రో" అంటారా? నిజమే, అక్కర్లేదు. కానీ నాది కూడా ముప్పై లైన్లతోనే మొదలైంది. రెండో క్లాస్ రాసిన రోజే కాన్ఫిగ్ ఆబ్జెక్ట్ కూడా రాసేయండి. నేను ఫోన్ మళ్లీ ఫుల్ ఛార్జ్ చేసి ఇంకో రాత్రి టెస్ట్ పెట్టాల్సి వచ్చింది, మీకు ఆ పని తప్పుతుంది.