మాత్ర కంటే ముందు ఒక ప్రశ్న

వేడి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్రలేమి, ఊరికే చిరాకు. ఖమ్మం నుంచి వచ్చినా, భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం నుంచి వచ్చినా ముట్లు ఆగిపోయే వయసులో మహిళలు ఓపీలో చెప్పే బాధలు ఇవే. కొందరు మాత్రల షీటు చూపించి, ‘మా వదినకు వీటితో తగ్గింది సార్, నేనూ వేసుకోవచ్చా?’ అని అడుగుతారు. అది రెండు హార్మోన్ల కాంబినేషన్ మాత్ర. జవాబు చెప్పే ముందు నేను అడిగేది ఒక్కటే: ‘అమ్మా, మీకు గర్భసంచి ఉందా, తీసేశారా?’

ఆవిర్లను తగ్గించేది ఈస్ట్రోజెన్. గర్భసంచి ఉన్నవారికి అదొక్కటే ఇస్తే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయొచ్చు. ఆ పొరను అదుపులో ఉంచడానికే ప్రొజెస్టెరాన్ తరహా హార్మోన్ కలుపుతారు. గర్భసంచి లేనివారికి సాధారణంగా దాని అవసరం లేదు.

ఈ ప్రశ్న మన దగ్గర మరీ ముఖ్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అండాశయాలు ఉంచారా, తీశారా అని అడిగితే చాలామంది మొహమొహాలు చూసుకుంటారు. డిశ్చార్జి కాగితం ఎప్పుడో పోయి ఉంటుంది. 45 ఏళ్లలోపే రెండు అండాశయాలూ తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెకూ ముప్పు పెరుగుతుంది. వేరే అడ్డంకి లేకపోతే వాళ్లకు సుమారు 50 ఏళ్ల వరకు హార్మోన్లు ఇవ్వడమే మేలు. అవసరం ఎక్కువున్న వీళ్లే మందు లేకుండా మిగిలిపోతున్నారన్నది నా బాధ.

హార్మోన్లంటే క్యాన్సరే అన్న భయం 2002లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంతో బలపడింది. అందులో కాంబినేషన్ మాత్ర వాడిన ప్రతి 10,000 మందిలో ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. ముప్పు నిజమే, కానీ ఆ మహిళల సగటు వయసు 63. అరవై లోపు, ముట్లు ఆగి పదేళ్లు దాటకముందు మొదలుపెడితే, బాధలు ఎక్కువగా ఉన్న ఆరోగ్యవంతుల్లో చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువ.

రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డలు, తీవ్రమైన కాలేయ జబ్బు, కారణం తెలియని రక్తస్రావం ఉంటే ఈ మాత్రలు వద్దు. యోని పొడిబారడం ఒక్కటే సమస్యైతే పైపూత క్రీమ్ చాలు. మాత్రలు వాడేవారు ఏటా ఒకసారి డాక్టర్‌ను కలిసి, ఇంకా అవసరమో లేదో తేల్చుకోవాలి.

మెడికల్ షాపులో వదిన వాడే షీటు అడగకండి. పాత ఆపరేషన్ కాగితాలు వెతికి తెచ్చుకోండి. అవి దొరక్కపోతే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో అడగండి, అక్కడా లేకపోతే స్కానింగ్‌తో కొంత తెలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఇప్పుడు ఆ ఆపరేషన్ జరిగితే, డిశ్చార్జి కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో పాటు బీరువాలో దాచండి. పదేళ్ల తర్వాత ఆమెకు ఏ మాత్ర రాయాలో ఆ కాగితమే చెబుతుంది.