మొలకలో గెలిచిన రకం పూతలో నిలుస్తుందా?

రాయలసీమ నల్లరేగడి నేలల్లో రబీ శనగ ప్రధానంగా నేలలో నిలిచిన తేమపైనే పండే పైరు. గండికోట కొండల దిగువన జమ్మలమడుగు పరిసరాల నుండి నంద్యాల, కర్నూలు ప్రాంతాల వరకు రైతులు దీనిని అక్టోబరు, నవంబరు మాసాల్లో విత్తుతారు. వర్షాలు ఆలస్యమైతే విత్తే తేదీ వెనుకకు జరుగుతుంది. అప్పుడు పూత, కాయ దశలు నేలలో తేమ తరిగి ఎండ ముదిరే రోజుల్లో పడతాయి. ఇటువంటి పరిస్థితికి తగిన రకాల ఎంపికలో మొలక దశ ఉష్ణ పరీక్షలకు ప్రాధాన్యం పెరుగుతున్నది. ఈ పరీక్షలు శాస్త్రీయమైనవే, అవసరమైనవే. అయితే వాటి ఫలితాన్ని మాత్రమే ఆధారం చేసుకుని ఒక రకాన్ని 'వేడిని తట్టుకునేది'గా రైతుకు సిఫారసు చేయడం సమంజసం కాదు. ఇందుకు కారణం కణస్థాయి రక్షణ వ్యవస్థ స్వభావంలోనే ఉన్నది.

కణంలో జరిగే రక్షణ

చాలా ప్రోటీన్లు ఒక నిర్దిష్టమైన ఆకృతిలో ముడుచుకున్నప్పుడే తమ పని చేయగలవు. ఉష్ణోగ్రత మితిమీరినప్పుడు ఆ ముడుతలు విడిపోయి, ప్రోటీన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని ముద్దగా మారతాయి. దీనిని అరికట్టే సహాయక ప్రోటీన్లనే చాపెరోన్లు అంటారు. 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోస్సా పండు ఈగ క్రోమోజోములలో వేడి కలిగించిన మార్పును గుర్తించారు. ఆ ప్రతిస్పందనలో తయారయ్యే ఉష్ణఘాత ప్రోటీన్లు 1974లో వెలుగులోకి వచ్చాయి. వీటిలో అనేకం చాపెరోన్లే.

ఇవి పని పంచుకుంటాయి. చిన్న ఉష్ణఘాత ప్రోటీన్లు విడిపోయిన ప్రోటీన్లను ముద్ద కట్టకుండా పట్టి ఉంచుతాయి. హెచ్.ఎస్.పి.70 వాటిని తిరిగి ముడుచుకునేలా చేస్తుంది. అప్పటికే ముద్దగా మారిన వాటిని హెచ్.ఎస్.పి.101, హెచ్.ఎస్.పి.70 సహకారంతో విడదీస్తుంది. సాధారణ వేళల్లో చాపెరోన్లు ఉష్ణఘాత కారకాన్ని అదుపులో ఉంచుతాయి. దెబ్బతిన్న ప్రోటీన్లు పెరిగినప్పుడు అవి వాటి వైపు మళ్లుతాయి. అదుపు తొలగిన కారకం కేంద్రకంలో రక్షణ జన్యువులను ప్రేరేపిస్తుంది.

క్రమంగా పెరిగే వేడికి అలవాటుపడిన మొక్క, అకస్మాత్తుగా వేడికి గురైన మొక్క కంటే అధిక ఉష్ణోగ్రతను తట్టుకుంటుంది. హెచ్.ఎస్.పి.101 లోపించిన అరబిడాప్సిస్ మొక్కలు సాధారణ ఉష్ణోగ్రతలో చక్కగా పెరిగినా, ఈ అలవాటుపడే శక్తిని కోల్పోతాయని 2000లో ప్రచురితమైన పరిశోధనలు నిరూపించాయి. ఈ సూత్రం ఆధారంగానే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఉష్ణ ప్రేరణ ప్రతిస్పందన పద్ధతిని రూపొందించారు. మొలకలను ముందు క్రమంగా పెరిగే వేడికి, తర్వాత ప్రాణాంతకమైన వేడికి గురిచేసి, కోలుకున్న వాటిని లెక్కించడం ఇందులోని విధానం. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోనూ ఈ పద్ధతి వినియోగంలోకి వచ్చింది. రకాల మధ్య నిజమైన తేడా ఈ ప్రేరణ తర్వాతనే బయటపడుతుంది కనుక, నేరుగా వేడికి గురిచేసే పాత పరీక్షల కంటే ఇది మేలైనది.

పుప్పొడి వేరు

మొలకలోని కణాలకు ఉన్న ఈ శక్తి పుష్పంలోని అన్ని కణాలకూ సమానంగా ఉండదు. మొక్కజొన్నలో పక్వమైన పుప్పొడి, ఆకు కణాల వలె ఉష్ణఘాత ప్రోటీన్లను తయారు చేసుకోలేదని చాలాకాలం క్రితమే తేలింది. శనగలోనూ వేడికి కీలాగ్రం కంటే పుప్పొడే ముందుగా లొంగుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో శనగను ఫిబ్రవరిలో విత్తి, పూత దశను వేసవి వేడిలో పడేట్లు చేసి రకాలను పరీక్షించారు. ఐ.సి.సి.వి. 92944 వంటి రకాల బలం ఇటువంటి పూత దశ పరిశీలనలోనే స్పష్టమైంది. అదే రకం మన దేశంలో జె.జి. 14గా విడుదలైంది. మొలక పరీక్షలో పుప్పొడికి చోటే లేదు. రైతు దిగుబడి మాత్రం పుప్పొడి బతికి ఉండడంపై ఆధారపడి ఉన్నది.

రక్షణకు మూల్యం కూడా ఉంటుంది. హెచ్.ఎస్.పి.70, హెచ్.ఎస్.పి.101 ఏ.టి.పి. శక్తిని ఖర్చు చేస్తూ పనిచేస్తాయి. చాపెరోన్ల తయారీకి వెచ్చించిన అమైనో ఆమ్లాలు, శక్తి ఆ మేరకు గింజకు అందవు. గండికోటలో నేటికీ నిలిచి ఉన్న ధాన్యాగారం కష్టకాలానికి దాచుకోవలసిన అవసరాన్ని గుర్తు చేస్తుంది. అయితే పండినదంతా గిడ్డంగికే తరలిస్తే ఏ ఇల్లూ గడవదు. అందువలన ఒకే చాపెరోన్ జన్యువును నిరంతరం అధికంగా పనిచేయించే మొక్క, అనుకూల సంవత్సరాల్లో కూడా మేలైన రకమే అవుతుందని ముందుగా భావించరాదు.

వేలాది జన్యురూపాలను పూత దశలో పరీక్షించడం అసాధ్యమనే అభ్యంతరం ఉన్నది. అది న్యాయమైనదే. కావున మొలక పరీక్షను తొలి జల్లెడగా ఉంచి, అందులో నిలిచిన కొద్ది రకాలను మాత్రమే తదుపరి పరీక్షకు పంపాలి. జల్లెడ పట్టడంతోనే విత్తన ఎంపిక పూర్తయిందని భావించడమే పొరపాటు.

చేయవలసినవి

మొదటిది, రాయలసీమకు ఉద్దేశించిన శనగ రకాలకు సకాలపు విత్తనంతో పాటు ఆలస్యపు విత్తనంలోనూ క్షేత్ర పరీక్ష ఉండాలి. పుప్పొడి జీవశక్తిని, కాయ కట్టిన శాతాన్ని నమోదు చేయాలి. రెండవది, పగటి ఉష్ణోగ్రతతో పాటు రాత్రి ఉష్ణోగ్రతను, నేలలోని తేమను కూడా రికార్డు చేయాలి. తేమ ఉన్న నేలలో ఆకు నీటిని ఆవిరిగా వదిలి చల్లబడుతుంది. తేమ అడుగంటితే ఆకు వేడి గాలి వేడిని మించిపోవచ్చు. మూడవది, విస్తరణ శాస్త్రవేత్తలు రకం పేరుతో పాటు దానికి తగిన విత్తే గడువును కూడా చెప్పాలి. సుమారు 26.85 టి.ఎం.సి.ల సామర్థ్యం గల గండికోట జలాశయపు నీరు అందే పొలాల్లో పూతకు ముందు, గింజ కట్టే దశలో ఇచ్చే తేలికపాటి తడి కూడా వేడి నుండి కాపాడే చర్యేనని వివరించాలి.

విద్యార్థులు తమ పరిశోధన పత్రాల్లో వేడిని తట్టుకునే శక్తి అని రాసేటప్పుడు, అది ఏ దశలో, ఏ అవయవంలో, ఎంత వేడికి కొలిచినదో అదే వాక్యంలో చెప్పడం అలవరచుకోవాలి. ఆ వివరం లేని సిఫారసును నమ్మి ఆలస్యంగా విత్తే రైతు, పూత రాలిన తర్వాత ఆ సంవత్సరం మరో పైరు వేసుకునే అవకాశం లేక నష్టపోతాడు.