‘ఫన్’ కోసం అన్న మాట

గడచిన ఈద్ నాటి సాయంత్రం మా ఇంట బంధువులందరూ సమావేశమయ్యారు. షీర్‌ఖుర్మా గిన్నెలు అందిస్తున్న మా చిన్నమ్మాయిని ఆమె అన్న అందరి ఎదుటా ఒక మారుపేరుతో పిలిచాడు. ఆమె లావును ఎత్తిచూపే పేరది. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మాయి కూడా నవ్వింది. కాని చేతిలోని పళ్ళెం అక్కడే ఉంచి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి భోజనానికి రాలేదు. కుమారుణ్ణి మందలించబోతే, “ఊరికే ఫన్ కోసం అన్నాను అబ్బాజాన్!” అన్నాడు.

ఈ మాట నేడు మన ఇళ్ళలో తెలుగు మాట కంటే సహజంగా వినబడుతోంది. దాని అర్థమేమిటో, దాన్ని ఎక్కడ ఎలా వాడాలో ఒకసారి పరిశీలిద్దాం.

‘ఫన్’ అంటే వినోదం, సరదా, ఉల్లాసం. పిల్లలతో నది ఒడ్డున గడిపిన సాయంత్రం ‘ఫన్’. ‘ఫన్నీ’ వేరు. నవ్వు పుట్టించేది ఫన్నీ. వింతగా, అనుమానాస్పదంగా తోచేదాన్ని కూడా ఆంగ్లంలో ఫన్నీ అంటారు. విహారయాత్ర ఎంతో ఆనందంగా సాగిందని చెప్పదలచి, మన పిల్లలు కొందరు అది ‘ఫన్నీ’గా ఉందని రాస్తారు. యాత్ర ఫన్ అవుతుంది, అందులో ఎవరో చెప్పిన చమత్కారం ఫన్నీ అవుతుంది.

ఈ మాట పుట్టుక మాత్రం ఆలోచింపజేసేది. పదిహేడవ శతాబ్ది చివరి దశలో ఆంగ్లేయులు దీన్ని క్రియగా వాడినప్పుడు దాని అర్థం మోసగించడం, ఏమార్చడం. ఎదుటివాణ్ణి వెర్రివాణ్ణి చేయడమనే అర్థంగల మరింత పాత పదం నుంచి ఇది వచ్చి ఉంటుందని నిఘంటుకారుల అభిప్రాయం. ఉల్లాసమనే అర్థం తర్వాత స్థిరపడింది. 1755లో వెలువడిన తన సుప్రసిద్ధ నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దీన్ని హీనమైన వాడుక పదంగానే లెక్కించాడు.

కాలక్రమంలో మాట మర్యాద పొందింది గాని, పాత అర్థం పూర్తిగా చెరిగిపోలేదు. ‘హ్యావ్ ఫన్’ అంటే సంతోషంగా గడపడం. ‘మేక్ ఫన్ ఆఫ్’ అంటే ఒకరిని ఎగతాళి చేయడం. మొదటిది ఒకరితో కలిసి నవ్వడం, రెండవది ఒకరిని చూసి నవ్వడం. మన తెలుగు కూడా ఈ తేడాను చక్కగా గుర్తించింది. నవ్వించడం వేరు, నవ్వులపాలు చేయడం వేరు. మా అబ్బాయి చేసింది రెండవది, చెప్పుకున్నది మొదటిది.

అరబీ భాషలోనూ ఈ రెంటికీ వేర్వేరు పదాలున్నాయి. పరిహాసానికి ‘మిజాహ్’, అవహేళనకు ‘సుఖ్రియా’. మొదటిదానికి ఇస్లాంలో చోటుంది. ఒక వ్యక్తి ప్రయాణానికి వాహనం కోరగా, ఆడ ఒంటె పిల్లనిస్తానని దైవప్రవక్త (స) అన్నారు. పిల్లతో నేనేం చేసుకోనని అతను విస్తుపోయాడు. ప్రతి ఒంటే ఏదో ఒక ఆడ ఒంటె పిల్లే కదా అని ఆయన (స) చమత్కరించారు. ఈ సంఘటనను తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాలు పేర్కొన్నాయి. అందులో అబద్ధం లేదు, అవమానం లేదు. నవ్వు ముగిసేసరికి అడిగినవాడి అవసరమూ తీరింది.

హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు ముద్దుగా పెంచుకున్న పిట్ట చనిపోయింది. దిగులుగా ఉన్న ఆ పసివాణ్ణి దైవప్రవక్త (స) ‘అబూ ఉమైర్’ అని సంబోధించి, ఆ పేరుకు ప్రాస కుదిరేలా పిట్ట సంగతి అడిగారు. ‘అబూ’ అంటే తండ్రి. పెద్దలను గౌరవంగా పిలిచే పద్ధతిలో పసివాణ్ణి పలకరించారన్నమాట. పేరుతో పరిహాసమాడటమంటే ఇదీ. ఆ పిలుపు బాలుణ్ణి ఒక మెట్టు పైకెక్కించింది. మా ఇంట్లో వినిపించిన పిలుపు ఒక బాలికను కిందికి దించింది.

రెండవదాన్ని దివ్య ఖుర్‌ఆన్ స్పష్టంగా నిషేధించింది. ‘అల్ హుజురాత్’ సూరాలోని 11వ ఆయత్ పురుషులను, స్త్రీలను వేరువేరుగా పేర్కొంటూ, ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డ మారుపేర్లతో పిలుచుకోవద్దని ఆదేశిస్తుంది. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని హెచ్చరిస్తుంది. పశ్చాత్తాపపడనివారు దుర్మార్గులని ముగిస్తుంది. ‘సరదాకైతే ఫరవాలేదు’ అన్న మినహాయింపు అందులో లేదు.

నేడు ‘ప్రాంక్’ పేరుతో ఇతరులను బెదరగొట్టి, ఆ దృశ్యాన్ని ఫోన్‌లో పదిమందికి పంపడం కూడా ఫన్‌గానే చెలామణి అవుతోంది. ఒక ప్రయాణంలో నిద్రిస్తున్న సహచరుని తాడును కొందరు తీసుకోగా అతను ఉలిక్కిపడ్డాడు. ఒక ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) అప్పుడు వారించారు. ఇది అబూ దావూద్ ఉల్లేఖనం.

“చెల్లి కూడా నవ్వింది కదా!” అన్నది మా అబ్బాయి చివరి వాదన. సోదర సోదరీమణులారా! మనం మోసపోయేది ఇక్కడే. పదిమంది నవ్వుతున్నప్పుడు తానూ నవ్వకపోతే మరింత నవ్వులపాలవుతానన్న భయంతో నవ్వే నవ్వు ఒకటుంది. దాన్ని అనుమతిగా భావించరాదు. ఆ నవ్వు తర్వాత పిల్ల ఎక్కడికి వెళ్ళింది, అన్నం తిన్నదా లేదా అన్నది చూడాలి.

ఆ రాత్రి నేను అమ్మాయి గదికి వెళ్ళాను. అన్న తరఫున మాట్లాడలేదు. “నేనూ నవ్వాను తల్లీ, తప్పు చేశాను” అన్నాను. ఆమె చాలాసేపు పలకలేదు. తర్వాత, “మీరు నవ్వకపోయి ఉంటే నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని కాదు అబ్బాజాన్” అన్నది. తలుపు దగ్గర నిలబడిన మా అబ్బాయి ఆ మాట విన్నాడు. ఫన్ అన్న మాటకు ఆ పూట వాడికి నేను వేరే అర్థం చెప్పవలసిన పని లేకపోయింది.